బొమ్మకు నడక నేర్పిన ఏడాది

రూతు నడుస్తుంటే వెనకనుంచి చూసి అమ్మ కళ్ళు ఒత్తుకుంది. వసారాలో గుమ్మం దగ్గర్నుంచి నీళ్ళ డ్రమ్ము దాకా, మళ్ళీ డ్రమ్ము దగ్గర్నుంచి గుమ్మం దాకా, చేతులు రెండూ కాస్త పైకెత్తుకుని ఒక పక్కకు ఊగుతూ తిరుగుతోంది అది. "అచ్చం మీ మామ్మ నడకేనే బేబీ. పేరు పెట్టేం, నడక కూడా పట్టుకొచ్చేసింది చూడు," అంది అమ్మ. రూతు నా కూతురు. ఇంకా రెండేళ్ళు నిండలేదు. మా నాన్నగారి తల్లిని మేమంతా మామ్మ అనేవాళ్ళం. ఆవిడ పోయిన మరుసటేడు ఇది పుడితే ఆవిడ పేరే పెట్టుకున్నాం. పోయినవాళ్ళ పేరు పిల్లకు పెట్టాక వాళ్ళ గుర్తు ఏదో ఒకటి ఆ పిల్లలో వెతుక్కోవడం మా వాళ్ళకు అలవాటు. చెవి తమ్మె, నవ్వు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, ఏదో ఒకటి దొరికేదాకా ఊరుకోరు. అమ్మకు ఆ రోజు నడక దొరికింది. నాన్నగారికి ఫోన్ చేసి చెప్పింది, పిన్నికి చెప్పింది, కింద వాటాలో ఉండే ఆవిడను పిలిచి మరీ చూపించింది.  అమ్మ చూసింది పోలిక. నేను చూసింది తుంటి.

రేపు పొద్దున రూతును కాకినాడలో ఎముకల డాక్టరుకు చూపించాలి. సంచి సర్దడం అయిపోయింది. పాలసీసా, గుడ్డలు, బిస్కెట్లు, మా డాక్టరుగారు రాసిచ్చిన చీటీ, అన్నీ పెట్టాను. పిల్ల నిద్రపోతోంది, అమ్మ దాని పక్కన పడుకుంది. నాకు నిద్ర రాక ఇది రాస్తున్నాను. నేను చూసింది నిజమేనా, లేక పుట్టుకతో వచ్చిన నా పిరికితనం చూపిస్తోందా అన్నది తేల్చుకోవాలంటే, మనిషి నడకను చూడడం నాకెలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అది అమలాపురంలో, బట్టల కొట్టు మీది గదిలో, ఒక బూడిద రంగు తెర ముందు వచ్చింది. అక్కడ కూడా భయపడుతూనే నేర్చుకున్నాను.

మా పుట్టిల్లు రాజోలు దగ్గర. మామ్మ ఊడ్పులకూ కోతలకూ వెళ్ళి పిల్లల్ని చదివించింది. తర్వాతి తరం ఆడవాళ్ళంతా టీచర్లయ్యారు. మా పెద్దత్త టీచరు, అమ్మ టీచరు, పిన్ని టీచరు. సాయంత్రమైతే మా ఇంట్లో పప్పు తాలింపు వాసనతో పాటు ఎర్రసిరా పెన్నుల వాసన కూడా వచ్చేది. డిగ్రీ చదివిన ఆడపిల్ల బి.ఇడి చేయకుండా ఉండడమన్నది అక్కడ ఎవరికీ తట్టని సంగతి. కంప్యూటరులో బొమ్మలు చేసి కదిలించడం నేర్చుకుంటానని నేను చెబితే అమ్మ చాలాసేపు బెండకాయలు తరుగుతూనే ఉంది. "ఒక్క ఏడాది. ఈలోగా ఏదీ తేలకపోతే బి.ఇడి. మళ్ళీ నన్నేం అనకూడదు," అంది చివరికి. కువైట్‌లో డ్రైవరు పని చేస్తున్న నాన్నగారు, "నేర్చుకోనీవే, దానికి మాత్రం ఎప్పుడు కుదురుతుంది," అన్నారు ఫోన్‌లో. ఎవరో తెలిసినవాళ్ళు వాడి పక్కన పెట్టిన కంప్యూటరు ఒకటి ఆయనే కొనిపించారు.

అమలాపురంలో మాకు నేర్పిన, బొమ్మలు చేసే ఆ ప్రోగ్రాము తెరిస్తే మొదట ఏమీ ఉండదు. బూడిద రంగు మైదానం, దాని మీద గ్రాఫు కాగితంలా గీతలు, మధ్యలో ఒక చిన్న డబ్బా. ఆ గీతలు ఎటు చూసినా ఆగకుండా పోతుంటాయి. కాలవగట్టూ కొబ్బరితోటా లేని, చూపు ఆగడానికి ఏమీ లేని చోటు నేను అంతకుముందు చూడలేదు. మౌసు కాస్త జారితే ఆ చోటంతా గిర్రున తిరిగిపోయేది.  కీబోర్డు మీద ఏ అక్షరం నొక్కినా ఏదో ఒకటి జరిగేది. ఒకటి నొక్కితే డబ్బా ఉబ్బేది, ఒకటి నొక్కితే పక్కకు ఒరిగేది, మరొకటి నొక్కితే కనిపించకుండా పోయేది. పక్క కుర్రాళ్ళు టకటకా నొక్కుకుపోతుంటే నేను ఏదో పాడు చేస్తానన్న భయంతో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. మాకు నేర్పే మాస్టారిది ముమ్మిడివరం. హైదరాబాదులో చాలాకాలం ఈ పనే చేసి, తల్లికి ఒంట్లో బాగాలేక వచ్చేశారు. ఒకరోజు నా వెనక నిలబడి, "ఏమ్మా, చేతులు కట్టుకున్నావు, ప్రార్థనలో ఉన్నావా?" అన్నారు.

"పోయిందండి."

"ఏంటి పోయింది?"

"డబ్బా అండి."

"ఎక్కడికి పోతుందమ్మా, బస్సెక్కి రాజోలు పోతుందా? అదక్కడే ఉంది. నువ్వే దాన్ని దాటేసి దూరం వెళ్ళిపోయేవు. వెనక్కి రా." గదిలో అందరూ నవ్వారు. ఆయన మౌసు వెనక్కి తిప్పితే డబ్బా ఎక్కడిదక్కడే ఉంది. ఊపిరి పీల్చుకున్నాను గాని, మళ్ళీ చెయ్యి పెట్టడానికి ఆ రోజంతా పట్టింది.

అలాగే, నెమ్మదిగా, డబ్బా పక్కల్ని పట్టుకుని లాగడం వచ్చింది. లాగితే మొండెమవుతుంది, ఇంకా లాగితే చెయ్యవుతుంది, కాలవుతుంది. తర్వాత ఆ మనిషి లోపల ఎముకలు పెట్టాలి. ఎముక కదిలితే పైచర్మం దాని వెంట వస్తుంది. తుంటి దగ్గర ఎముక కాస్త పక్కకు పడిందంటే నిలబడ్డప్పుడు తెలియదు. అడుగు వేయించగానే తొడ మొత్తం నలిగిపోయేది. ఎన్నిసార్లు తీసి పెట్టానో. నడక చెప్పిన రోజున మాస్టారు మమ్మల్ని లేపి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కింద బజారులో వెళ్ళేవాళ్ళను చూడమన్నారు. "నడవడమంటే ఏంటనుకుంటున్నారు? పడబోవడం. పడిపోకుండా రెండో కాలు అడ్డం పెట్టుకోవడం. మీరంతా మోకాళ్ళు చూస్తున్నారు. మోకాలు ఊరికే కనబడుతుందంతే, పని చేసేది తుంటి. బరువు ఏ కాలి మీదుందో నడుం చూసి చెప్పాలి." అప్పటినుంచి నాకు బస్సులో, చర్చిలో, పెళ్ళి భోజనాల దగ్గర మనుషుల మొహాలు కనిపించడం మానేశాయి. ప్రభు భోజనం తీసుకోవడానికి ముందుకు వెళ్ళేవాళ్ళ నడుములు చూస్తూ కూర్చుని, నా వరస వచ్చినా లేవకపోతే అమ్మ తొడపాశం పెట్టింది.

ఇంట్లో మామ్మ పద్ధతులు మామ్మవి. పొద్దున్నే దొడ్లో రాలిన కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చి ముందేసుకుని, చిన్న చాకుతో ఈనెలు చీరేది. చీపురు కట్టి నేలకేసి తట్టి చూసుకునేది. ఎండెక్కాక కొబ్బరినూనె వెచ్చచేసి కర్పూరం కలిపి ఎడమ మోకాలికి రాసుకునేది. ఆ వాసన ఆవిడ చీరల్లో, దుప్పట్లో, బైబిలు అట్టలో కూడా ఉండేది. పొద్దు గుంకే వేళకు పాత ఇనుప మూకుట్లో నిప్పులు వేసి, వాటి మీద కొబ్బరి పీచు డొక్కలు పేర్చి, దోమలు పోవడానికి ఇల్లంతా పొగ పెట్టేది. ఆ తర్వాతే కుటుంబ ప్రార్థన. నేను కంప్యూటరు ముందు కూర్చుని కాళ్ళు గోక్కుంటుంటే చూడలేక, ఆ మూకుడును ఏకంగా బల్ల కిందికి తోసేది. "దానికి పొగ పడదేమోనండి అత్తయ్యగారూ," అని అమ్మ ఒకసారి అంది.

"మనుషులకి పడేది దానికి పడదా?" అంది మామ్మ.  అమ్మా నేనూ డిగ్రీలు చదివినవాళ్ళమే, మూకుడును బల్ల కిందే ఉండనిచ్చాం. ఇళ్ళలో పశువులకూ, పసిపిల్లలకూ, ధాన్యపు గదికీ పెట్టే పొగే కదా.

ఏడాది చివరికొస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం కంప్యూటరు కాలిన వాసన వేసి ఆగిపోయింది. రాజోలునుంచి వచ్చి విప్పి చూసిన అబ్బాయి కాసేపు లోపలికి చూస్తూ ఉండిపోయాడు. "ఇందులో వంటేమైనా చేసేరా అండి?" అన్నాడు. లోపల గాలి తోలే చిన్న ఫ్యాను మీద, తీగల మీద, కొబ్బరి డొక్కల మసి జిడ్డుగా పేరుకుని ఉంది, పొయ్యి వెనక గోడలాగ. వేడెక్కి లోపల చాలా భాగం పోయింది. నేను చేసిందంతా దాచుకున్న డిస్కు కూడా పోయింది. మాస్టారు హైదరాబాదులో తనకు తెలిసినవాళ్ళకు పంపిస్తానన్న నడక అందులోనే ఉంది. ఇంకోచోట దాచిపెట్టుకోవాలని మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా, ఏ మీట నొక్కితే ఏం పోతుందోనని ముట్టుకోలేదు.  అమ్మ బి.ఇడి దరఖాస్తులు ఎప్పటినుంచో కనుక్కుంటానంది, అంతే. ఆ నిదానానికే నాకు భయమేసింది.

మర్నాడు నేను దొడ్లో కూర్చుని ఉంటే మామ్మ వచ్చి పక్కన మట్ట మీద కూర్చుంది.

"నా పొగ వల్లేనంటగా."

"అదేం కాదు మామ్మా."

"ఆ కుర్రోడు నా ఎదురుగానే చెప్పేడులే. ఆ బొమ్మ ఏం చేసేదే?"

"నడిచేది."

"అంతేనా? నడవడానికా ఏడాది బస్సెక్కి తిరిగేవు?" చీరకొంగు నడుంలో దోపి లేచింది. "సరే, నేను నడుస్తాను. నన్ను చూసి చెయ్యి. నా నడకైతే ఎక్కడికీ పోదు."

దొడ్డిగోడ దగ్గర్నుంచి బావి దాకా నడిచింది. నేను వెనకనుంచీ పక్కనుంచీ పెద్దత్త ఫోనుతో వీడియో తీశాను. బావి దగ్గరికెళ్ళిన ప్రతిసారీ తిరిగి, "చాలా? ఇంకా నడవాలా?" అనేది. చాలని నేను అనలేదు.

బట్టల కొట్టు మీది గదిలో మాస్టారు నాకు మధ్యాహ్నాలు ఒక కంప్యూటరు ఇచ్చారు. మామ్మకు మోకాలి నొప్పి అని ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకని బొమ్మకు మోకాలు బిగించాను. నడిపిస్తే ఎవరో కుంటే ముసలావిడ వచ్చింది గాని మామ్మ రాలేదు. మోకాలు ఇంకా బిగించాను. మామ్మ ఇంకా దూరమైంది. "ఎక్కడ నొప్పమ్మా ఆవిడకి?" అన్నారు మాస్టారు.

"మోకాలండి."

"ఎవరు చెప్పేరు?"

ఎవరు చెప్పారని ఆలోచిస్తే ఎవరూ చెప్పలేదు. నూనె అక్కడ రాసుకునేది, అంతే. ఫోనులో వీడియోను ఆపి ఆపి, ఒక్కో బొమ్మగా చూడడం మొదలుపెట్టాను. బరువు కుడికాలి మీద ఉన్నప్పుడు నడుం నిటారుగానే ఉంది. ఎడమకాలి మీదికి రాగానే కుడిపక్క నడుం కిందికి జారిపోతోంది, ఆ జారడాన్ని ఆపడానికి ఒళ్ళంతా ఎడమవైపుకు వాలుతోంది. మోకాలి బిగింపు తీసేసి, ఆ జారుడు ఒక్కటి తుంటిలో పెట్టాను. మామ్మ వచ్చేసింది. మొహం లేదు, చీర సరిగా లేదు, బోడి బొమ్మ, అయినా మామ్మే. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఆ గదిలో నాకు కలిగిన భయాలన్నిటిలోకీ అదే పెద్దది. అంతవరకూ భయం నేను చేసే తప్పు గురించి. అప్పుడు మాత్రం తప్పు లేకుండా చేసినందుకు భయమేసింది.

ఇంటికెళ్ళి అడిగితే మామ్మ తేలిగ్గా చెప్పింది. "అది ముసలితనంలో వచ్చింది కాదే. ఆలస్యంగా నడిచేనంట. నడిచిన రోజునుంచీ ఇలాగేనంట. మా అమ్మ బాతుపిల్లా అని పిలిచేది. ఊడ్పుల్లో నీళ్ళలో దిగితే కాలు ఉన్నట్టే తెలిసేది కాదు, తేలిగ్గా ఉండేది. గట్టెక్కితేనే బరువు."

తర్వాత మాస్టారు రమ్మంటే అమ్మా నేనూ మామ్మను బస్సులో తీసుకెళ్ళాం. గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, అందరికీ నమస్కారాలు పెట్టి, కుర్చీలో కూర్చుంది. తెర మీద బొమ్మ నడిచింది.  "వెనకనుంచి నేనిలా ఉంటానా," అంది. తర్వాత, "అందరూ ఇన్నాళ్ళూ ఇదే చూసేరన్నమాట," అంది.  ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "నడక బాగానే పెట్టేవులే. కుచ్చిళ్ళే ఎబ్బెట్టుగా ఉన్నాయి," అంది. ఆ నడక హైదరాబాదు వెళ్ళింది, దాని వెనకే నాకు ఉద్యోగం వచ్చింది. బి.ఇడి మాట అమ్మ మళ్ళీ ఎత్తలేదు.

నాన్నగారు సెలవు మీద వచ్చినప్పుడు మామ్మను పెద్ద డాక్టరుకు చూపించారు. తొడ ఎముక తల తుంటి గిన్నెలో సరిగా కూర్చోలేదని, పుట్టుకతో వచ్చిందని, నడక మొదలైన కొత్తలో చూసుంటే సరిచేసేవారని, ఈ వయసులో కదపకపోవడమే మంచిదని ఆయన చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు నాన్నగారు బాధపడుతుంటే మామ్మ, "మా అమ్మ కూలి మానుకుని నన్నెత్తుకెళ్ళగలదా అయ్యా. వెళ్తే మాత్రం గుమ్మం లోపలికి రానిచ్చేవారా," అంది. కిటికీలోంచి చూస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు అంది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు ఆ భయాలన్నీ చిన్నపిల్లల ఆటలా ఉన్నాయి. డబ్బా పోతే వెనక్కి వస్తే దొరికేది. తుంటి ఎముక పక్కకు పడితే నా చేత్తోనే తీసి మళ్ళీ పెట్టేదాన్ని, సరిగ్గా కూర్చునేదాకా పెట్టేదాన్ని. బొమ్మకు నొప్పి లేదు. రూతు ఆలస్యంగా నడిచింది. మొదటి అడుగు వేసిన రోజున ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అమ్మ ఆ పోలిక చెప్పేదాకా నేనూ తల్లి కళ్ళతోనే చూశాను. చెప్పాక ఇక వేరేగా చూడలేకపోయాను. పిల్ల వెనక ఫోను పట్టుకుని తిరిగి వీడియో తీసి, ఆపి ఆపి చూశాను. బరువు ఎడమకాలి మీదికి రాగానే కుడిపక్క నడుం జారుతోంది. ఇంకోసారి తీశాను, ఇంకో రోజు, చెప్పులు విప్పి, చదునైన నేల మీద. జారుతూనే ఉంది.

మా ఆయన ఖతార్‌లో ఉంటారు. ఆయనకు రోజూ వీడియోలో కనిపించేది రూతు మొహమే. "నువ్వు దేనికి భయపడలేదు చెప్పు," అన్నారు. "అది బోర్లా పడకపోతే భయపడ్డావు, పళ్ళు రాకపోతే భయపడ్డావు. జలుబు చేస్తే రెండు రోజులు అన్నం మానేసేవు."

"ఇది వేరేనండి."

"సరే, చూపించెయ్. నాకంటే నీకే తెలుసు," అన్నారు, గొంతు తగ్గించి. ఆ తగ్గించడం నాకు నచ్చలేదు. నవ్వుతూనే ఉంటే బాగుండేదనిపించింది. ఇక్కడి పిల్లల డాక్టరుగారు రూతును పడుకోబెట్టి, రెండు మోకాళ్ళూ మడిచి, ఎత్తు సరిచూసి, తొడల మీద మడతలు చూసి, "కంగారు పడకండి ఆయ్. ఒకసారి కాకినాడలో ఎక్స్‌రే ఫోటో తీయించుకుంటే మంచిదండి," అని చీటీ రాశారు. ఆయన చూసినంతసేపూ నేను ఆయన మొహమే చూశాను. 

అమ్మకు ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళు లాగాను. ఊరంతా సంబరంగా చెప్పుకున్న మాటను ఎలా వెనక్కి తీసుకోమనడం. ఈ సాయంత్రం రాజోలునుంచి వచ్చి, రూతును ఎత్తుకుని, "ఏదీ, మా అత్తయ్యగారు ఒకసారి నడవండి," అని నేల మీద దింపింది. అప్పుడు చెప్పాను. అమ్మ నమ్మలేదు. ఫోను ఇమ్మంది. కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు చూసింది. నేను ఆపి, నడుం దగ్గర వేలు పెట్టి చూపించాను. తర్వాతి బొమ్మకు జరిపాను. మళ్ళీ ఆపాను.

"నేను చూసి మురిసిపోయేను కదే," అంది.

"నీకెలా తెలుస్తుందమ్మా."

"మీ మామ్మతో పాతికేళ్ళ పైన ఒక ఇంట్లో ఉన్నాను. ఆ నడక ముందు వెళ్తుంటే వెనకాల నడిచినదాన్ని. నాకు తెలియాలి." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "రేపు స్కూలుకి సెలవు చెప్పేస్తాను. నేనూ వస్తాను. నువ్వొక్కదానివీ పిల్లనెత్తుకుని ఎక్కడ తిరుగుతావు."

భోజనాలకు ముందు ప్రార్థన చేసుకున్నాం. అమ్మ ప్రార్థన పొడుగ్గా ఉంటుంది. కువైట్, ఖతార్, స్కూలు పిల్లలు, జబ్బు పడ్డ పక్కింటివాళ్ళు, అందరి పేర్లూ వస్తాయి. ఈ రోజు ఎవరి పేరూ రాలేదు. రూతు ఒళ్ళో కూర్చుని నా వేళ్ళు లాగుతోంది. అమ్మ "ప్రభువా, దీని తల్లికి చూపు ఇచ్చేవు, అందుకు స్తోత్రం. తొందరగా చూసింది, అందుకు స్తోత్రం," అని ఆపేసింది.  నేను ఆమేన్ అన్నాను. అమ్మతో కలిసి పైకి అన్నది అదే. లోపల మాత్రం, జీవితంలో కష్టపడి నేర్చుకున్న ఆ ఒక్క చూపూ తప్పు కావాలని, రేపు కాకినాడ డాక్టరు ఆ ఫోటో వెలుతురులో పెట్టి చూసి నన్ను అనవసరంగా వచ్చారని కసురుకోవాలని అడిగాను.